బతుకుతుందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే: వెంటిలేటర్ మీద మా పాప

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వెంటిలేటర్ మీద పెట్టారని తెలిసినవాళ్ల ద్వారా ఎవరైనా నాకు ఫోన్ చేస్తే, మొదట అడిగేది ఒకటే: "బతికే అవకాశం ఎంత శాతం అండీ?" నేనూ అదే అడిగాను. దానికి దొరికిన జవాబులు, వాటి వెనక ఉన్న లెక్కలు, ఆ లెక్కలు చెప్పలేని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. మా పాప ఇప్పుడు బడికి వెళుతోంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివేవాళ్లలో కొందరు ఈ క్షణాన ఏదో ఎన్‌ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) తలుపు బయట కూర్చుని ఉంటారు. వాళ్లను చివరిదాకా ఉత్కంఠలో ఉంచడం న్యాయం కాదు.

మా ఆవిడకు ఆరో నెల నడుస్తుండగా ఉమ్మనీరు పోవడం మొదలైంది. ఆస్పత్రిలో చేర్చుకుని, యాంటీబయాటిక్స్ ఇచ్చి, కాన్పును వీలైనంత వెనక్కి జరపాలని చూశారు. 27వ వారంలో నొప్పులు వచ్చేశాయి, ఇక ఆగలేదు. అప్పటికే ఆమెకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డాయి, బిడ్డ మెదడుకు రక్షణగా మెగ్నీషియం కూడా ఎక్కించారు. తల్లికి ఇచ్చే ఆ స్టెరాయిడ్ కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులను తొందరగా సిద్ధం చేస్తుందని న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ 1972లో చూపించారు. మా పాపకు అందిన వైద్యం మొత్తంలో అన్నిటికన్నా చవకైనదీ, బహుశా అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసినదీ ఆ ఇంజెక్షన్లేనని పిల్లల డాక్టర్‌గారు తర్వాత అన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా కాన్పు ముందే వచ్చేలా ఉంటే, ఆ ఇంజెక్షన్ ఇచ్చారా అని అడగండి. నేను రాసిన మిగతాదంతా మరిచిపోయినా పరవాలేదు.

పాప కిలో బరువు కూడా లేదు. నేను చూసేసరికి ముక్కుకు సీప్యాప్ గొట్టాలు (ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపేవి) పెట్టి ఉన్నాయి. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నాయి, మూలుగు సన్నగా వినిపిస్తోంది. ఆ మూలుగు నొప్పితో కాదట. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి పోకుండా బిడ్డ తనంతట తాను గొంతు బిగపట్టి చేసే ప్రయత్నమట. కాసేపటికే ఆ ప్రయత్నం సరిపోలేదు. గొంతులోంచి ట్యూబ్ వేసి, సర్ఫాక్టెంట్ ఇచ్చి, వెంటిలేటర్‌కు కలిపారు.

సర్ఫాక్టెంట్ అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదుల లోపల ఉండే పల్చటి పూత. అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ గదుల గోడలు తడిసిన ప్లాస్టిక్ సంచిలా అతుక్కుపోతాయి, మళ్లీ విడదీయడానికి బిడ్డ బలం చాలదు. నెలలు నిండని పిల్లలు ఊపిరాడక పోవడానికి కారణం ఈ పూత లేకపోవడమేనని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ తేల్చారు. అయినా దాన్ని బయటి నుంచి ఇచ్చి పిల్లల్ని బతికించవచ్చని జపాన్‌లో ఫుజివారా బృందం చూపించేసరికి 1980 వచ్చింది. ఈ మధ్యకాలంలో, 1963లో, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కొడుకు పుట్టాడు. నెలలు నిండటానికి ఐదారు వారాల ముందు, రెండు కిలోలకు పైగా బరువుతో. రెండు రోజులు కూడా నిండకుండానే ఇదే జబ్బుతో పోయాడు. అంత అధికారం, అంత వైద్యం ఉండి కూడా. ఆ రాత్రి కారిడార్‌లో కూర్చుని ఈ సంగతి చదివినప్పుడు, మా పాప ఏ కాలంలో పుట్టిందో నాకు అర్థమైంది. అతని బరువులో సగం కూడా లేని పిల్లకు ఇప్పుడు చేయగలిగింది ఇంకా చాలా ఉంది.

సర్ఫాక్టెంట్ ఇచ్చాక పాప తేరుకుంది. ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చారు. ఆ ఆశ ఎక్కువసేపు నిలవలేదు. నెలలు నిండని పిల్లల్లో మొదట్లో ఇలా బాగుపడి తర్వాత దిగజారడం ఉంటుందని సిస్టర్లు ముందే హెచ్చరించారు. మా పాప విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఊపిరితిత్తులు పెరగాలంటే చుట్టూ తగినంత ఉమ్మనీరు ఉండాలి. వారాల తరబడి నీరు పోయింది కాబట్టి ఊపిరితిత్తులు చిన్నవిగా ఉండి ఉంటాయి, పైగా ఇన్ఫెక్షన్, ఆపైన ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోయి రక్తం అటు వెళ్లనే వెళ్లడం లేదు. మామూలు వెంటిలేటర్ తీసేసి హై ఫ్రీక్వెన్సీ వెంటిలేటర్ పెట్టారు. అది మనం తీసుకునే ఊపిరిలా ఉండదు. నిమిషానికి 600కు పైగా చిన్న చిన్న అదురులు. పాప ఛాతీ, పొట్ట, తొడల దాకా అదురుతూనే ఉండేవి. మొదటిసారి చూసేవాళ్లు బిడ్డకు ఫిట్స్ వచ్చాయనుకుంటారు. కాదు, ఆ యంత్రం పని చేసే తీరే అది. అదురు సరిగా ఉందా లేదా అని సిస్టర్లు కూడా కళ్లతోనే చూసి చెప్పేవారు.

రక్తపరీక్ష వచ్చిన ప్రతిసారీ డాక్టర్లు ఒక అంకె లెక్కగట్టేవారు: ఆక్సిజనేషన్ ఇండెక్స్. వెంటిలేటర్ ఎంత ఒత్తిడి పెడుతోంది, ఎంత ఆక్సిజన్ ఇస్తోంది, అంతా చేస్తే రక్తంలోకి ఎంత చేరింది అన్నది కలిపి చూసే లెక్క. తక్కువ ఉంటే మంచిది. 25 దాటితే పరిస్థితి తీవ్రం. నెలలు నిండిన బిడ్డకైతే 40 దాటాక ఎక్మో గురించి ఆలోచిస్తారు. మా పాపది 40కి దగ్గరగా వెళ్లింది.

ఎక్మో అన్న మాట నేను ఫోన్‌లో చదివాను. రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, యంత్రంలో ఆక్సిజన్ కలిపి, మళ్లీ ఒంట్లోకి పంపడం. ఊపిరితిత్తులకు పూర్తి విశ్రాంతి. చదువుతుంటే మా పాపకు కావలసింది అచ్చంగా ఇదే అనిపించింది. ఎక్కడుందో చెప్పండి, ఎంత దూరమైనా తీసుకెళతాను అని డాక్టర్‌గారి వెంటపడ్డాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, విసుగు లేకుండా చెప్పారు. ఎక్మోకు సాధారణంగా బిడ్డ 34 వారాలు దాటి ఉండాలి, రెండు కిలోల బరువు ఉండాలి. యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి. 27 వారాల బిడ్డ మెదడు లోపల ఉండే సన్నని రక్తనాళాలు ఆ మందు లేకపోయినా చిట్లిపోయేంత నాజూకుగా ఉంటాయి, ఇస్తే మెదడులో రక్తస్రావం ఆగదు. పైగా మెడలోని నాళంలో పట్టేంత సన్నని గొట్టం పెట్టి సరిపడా రక్తం తీయడం అంత చిన్న బిడ్డకు కుదరదు. "మీ పాపకు దాన్ని ఇవ్వకపోవడం చేతకాక కాదు. ఇస్తే దానివల్లే పోయే ప్రమాదం ఎక్కువ."

నేను చదివిన అంకెలు ఆవిడ ముందు పెట్టాను. 1996లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 185 మంది పిల్లలు. ఎక్మోకు పంపినవాళ్లలో 32 శాతం మంది పోయారు, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో 59 శాతం. "ఇంత తేడా ఉంది కదా?" అన్నాను. "ఉంది. అందుకే నెలలు నిండిన బిడ్డకు నేనే పంపిస్తాను. ఆ 185 మందిలో 35 వారాల లోపు బిడ్డ ఒక్కరూ లేరు" అన్నారు. నెలలు నిండినవాళ్లలోనూ జబ్బును బట్టి తేడా ఉంటుందట. తల్లి కడుపులోనే తమ మలం ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడని బిడ్డలు ఎక్మో మీద 90 శాతానికి పైగా బతుకుతారు. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానంలో రంధ్రం ఉండి పేగులు ఛాతీలోకి వెళ్లిన బిడ్డలు సగం మందే. యంత్రం ఒకటే అయినా ఫలితాలు ఇంత వేరు. ఏ అంకె కనిపించినా అది ఏ పిల్లలది అని అడగడం నాకు ఆ రోజు అలవాటైంది.

పాపకు ఇంకో మందు మాత్రం ప్రయత్నించారు, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. పీల్చే గాలిలో కలిపి ఇస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు సడలుతాయి. 1999లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది కూడా 34 వారాలు దాటిన పిల్లలకే. నెలలు నిండని పిల్లలందరికీ ఇచ్చి చూసిన అధ్యయనాల్లో బతికేవాళ్ల సంఖ్య పెరగలేదు. ఉమ్మనీరు ముందే పోయి, రక్తనాళాలు బిగుసుకున్న కొందరు పిల్లల్లో పనిచేస్తుందన్న అనుభవం ఉంది కాబట్టి ఇస్తున్నామని, పనిచేయకపోతే తీసేస్తామని చెప్పి ఇచ్చారు. ఆ రాత్రి అంకెలు కొంచెం దిగాయి. యాంటీబయాటిక్ కూడా అప్పటికి పనిచేయడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఏది కాపాడిందో డాక్టర్‌గారు కూడా చెప్పలేనన్నారు. అంత నిజాయితీగా చెప్పే మనిషి మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

ఇన్ని రోజులూ నేను కింది అంతస్తులోని మా ఆవిడ దగ్గరికీ, పై అంతస్తులోని పాప దగ్గరికీ తిరుగుతూ, విన్నదంతా ఆమెకు మోసుకొచ్చేవాణ్ణి. ఒక సాయంత్రం ఆమె నన్ను ఆపి అడిగింది: "ఏవండీ, బతుకుతుందా అని రోజూ అడుగుతున్నారు సరే. బతికితే ఎలా ఉంటుందో అడిగారా?"

అడగలేదు. అడగాలని తోచక కాదు, ఆ ప్రశ్న వేస్తే బిడ్డ ప్రాణానికి షరతు పెట్టినట్టు అవుతుందేమోనని నాలో ఏదో అడ్డుపడింది. ఆమెకు ఆ అడ్డు లేదు. "ఎలా ఉన్నా మనమే పెంచుతాం. తెలిస్తే సిద్ధంగా ఉంటాం కదా" అంది. మర్నాడు చక్రాల కుర్చీలో ఆమెను పైకి తీసుకెళ్లాను. ఇద్దరం కలిసి డాక్టర్‌గారితో గంటకు పైగా మాట్లాడాం.

మొదటి ప్రశ్నకు జవాబుగా ఆవిడ 2013, 2018 మధ్య అమెరికాలోని పెద్ద ఆస్పత్రుల బృందం లెక్కలు చెప్పారు. 28వ వారంలో పుట్టినవాళ్లలో 94 శాతం మంది ఇంటికి వెళ్లారు. 22వ వారంలో 11 శాతం మంది. వెంటనే ఇంకో మాట కలిపారు: ఆ 22 వారాల పిల్లల్లోనే, పుట్టగానే పూర్తి వైద్యం మొదలుపెట్టిన వాళ్లను మాత్రమే లెక్కేస్తే 30 శాతం. అవే ఆస్పత్రులు, అవే సంవత్సరాలు, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నది మారితే 11 కాస్తా 30 అవుతుంది. పుట్టిన అందరిలోనా, ఎన్‌ఐసీయూకు చేరినవాళ్లలోనా, వెంటిలేటర్ పెట్టినవాళ్లలోనా? ఎవరైనా శాతం చెబితే అది ఈ మూడింటిలో ఏ లెక్క అని అడగమన్నారు. "ఇక మీ పాప 27 వారాల పిల్లలందరిలో ఒకతె కాదు. వాళ్లలో అందరికన్నా జబ్బుగా ఉన్న కొద్దిమందిలో ఒకతె. ఆ కొద్దిమందికి నా దగ్గర చక్కటి శాతం లేదు. ఇవాళ్టికంటే రేపు బాగుంటే, ఎల్లుండి ఇంకా బాగుంటే, అదే నా లెక్క."

రెండో ప్రశ్నకు ఇంకా నెమ్మదిగా చెప్పారు. 1995లో బ్రిటన్, ఐర్లండ్‌లలో 26 వారాల లోపు పుట్టి బతికిన పిల్లల్ని ఆరేళ్ల వయసులో పరీక్షిస్తే, 22 శాతం మందికి తీవ్రమైన వైకల్యం, 24 శాతం మందికి మధ్యస్థం, 34 శాతం మందికి స్వల్పం. ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఐదుగురిలో ఒకరు. మా పాప అంతకంటే పెద్ద వారంలో పుట్టింది, వైద్యం అప్పటికంటే మారింది, కాబట్టి ఆ అంకెల్ని అలాగే పట్టుకోవద్దన్నారు. కానీ ఆ లెక్క నుంచి మేం నేర్చుకున్నది ఒకటుంది. ఫలితం అంటే బాగున్నారు, బాగోలేదు అని రెండు గదులు కాదు. కళ్లజోడు కావడమూ ఫలితమే, లెక్కల్లో వెనకబడటమూ ఫలితమే, నడవలేకపోవడమూ ఫలితమే. ఇందాక చెప్పిన ఎక్మో పిల్లల్ని ఏడేళ్లకు చూసినప్పుడు కూడా, మిగిలిన ఇబ్బందులకు యంత్రం కంటే అసలు జబ్బే ముఖ్య కారణంగా తేలిందట. యంత్రం చెడ్డదా మంచిదా అని నేను పెట్టుకున్న గొడవ అక్కడితో పోయింది.

ఆ గంటలోనే అన్నిటికంటే కష్టమైన మాట కూడా వచ్చింది. తల స్కాన్‌లో మెదడు రక్తస్రావానికి నాలుగు దశలుంటాయి. మొదటి రెండు దశల్లో ఎక్కువ మంది పిల్లలు పెద్ద వైకల్యం లేకుండానే ఎదుగుతారు. మూడు, నాలుగు అయితే భవిష్యత్తు మీద నీడ పడుతుంది. "రేపటి స్కాన్‌లో రెండు వైపులా నాలుగో దశ కనిపించి, ఊపిరితిత్తులూ ఇలాగే ఉంటే, ఇంకా యంత్రం పెంచుకుంటూ పోదామా, లేక పాపకు నొప్పి లేకుండా చూసుకుంటూ మీ ఒళ్లో పెట్టేద్దామా అన్నది మనం కలిసి మాట్లాడుకోవాలి. ఇవాళే తేల్చమని కాదు. రేపు హఠాత్తుగా వినకూడదని చెబుతున్నాను." మా ఆవిడ ఏడ్చింది, ఏడుస్తూనే అడగవలసినవన్నీ అడిగింది. ఇలాంటి మాట ముందే ఎత్తే డాక్టర్ని కొందరు కఠినాత్ములంటారు. నేను ఒప్పుకోను. ఆ మాట చెప్పకుండా, చివరి గంటలో తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకోవడమే కఠినం.

స్కాన్‌లో ఒక వైపు రెండో దశ రక్తస్రావం కనిపించింది. తర్వాతి స్కాన్లలో అది పెరగలేదు. మా పక్క వార్మర్‌లోని బిడ్డకు అలా జరగలేదు. ఆ తల్లీ నేనూ ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం, ఒకే అంకెల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆ కుటుంబం బిడ్డను ఒళ్లో పెట్టుకుని సాగనంపింది. వాళ్లు తప్పు చేశారని గానీ, మేం ఒప్పు చేశామని గానీ నేను ఎన్నడూ అనుకోలేదు. స్కాన్‌లో వచ్చింది వేరు, అంతే.

అక్కడి నుంచి వెంటిలేటర్ తీయడం ఒక పెద్ద పని అయింది. తీస్తే మళ్లీ పెట్టవలసి వచ్చింది. ఊపిరి మరిచిపోకుండా కెఫీన్ ఇచ్చేవారు. నమ్మబుద్ధి కాదు గానీ, కాఫీలో ఉండేదే. అది ఊపిరితిత్తుల జబ్బును తగ్గిస్తుందని 2006లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. చివరికి తక్కువ మోతాదులో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తామన్నారు. ఒకప్పుడు పుట్టిన మొదటి వారంలోనే పెద్ద మోతాదుల్లో ఇచ్చి, తర్వాత ఆ పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే వైకల్యం) ఎక్కువైందని గమనించి మానేశారట. ఇప్పుడు ఆలస్యంగా, కొద్దిగా, వెంటిలేటర్ వదలలేని పిల్లలకు మాత్రమే ఇస్తారు. మందు వల్ల ప్రమాదం ఒకవైపు, వెంటిలేటర్ మీదే ఉండిపోవడం వల్ల ప్రమాదం ఇంకోవైపు. మేం ఒప్పుకున్నాం. పాప సీప్యాప్ మీదికి వచ్చి, అక్కడ నిలబడింది. మా ఆవిడ గుండెల మీద మొదటిసారి పడుకుంది కూడా అప్పుడే, గొట్టాలన్నిటితో సహా.

మానిటర్ గురించి ఒక మాట. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 100 చూపిస్తే మనకు సంతోషంగా ఉంటుంది. ఆక్సిజన్ మీద ఉన్న నెలలు నిండని బిడ్డకు అది మంచిది కాదు. ఎక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుంది. తక్కువైతే ప్రాణానికే ప్రమాదం. 85 నుంచి 89 మధ్య ఉంచిన పిల్లల్లో కంటి జబ్బు తగ్గినా మరణాలు పెరిగాయని 2010లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అందుకే 90, 95 మధ్య ఉంచాలని చూస్తారు. ఆక్సిజన్ ఎక్కువైందని అలారం మోగినప్పుడు సిస్టర్ పరుగెత్తుకొచ్చి ఆక్సిజన్ తగ్గిస్తే, బిడ్డకు గాలి ఆపుతున్నారని గాబరా పడకండి. ఆమె బిడ్డ కళ్లను కాపాడుతోంది.

గర్భం లెక్కన 36 వారాలు వచ్చేసరికి కూడా పాపకు ఆక్సిజన్ కావలసి వచ్చింది, అంటే బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అన్న పేరు ఫైల్‌లో చేరింది. యంత్రాల మీద బతికిన ఊపిరితిత్తులకు మిగిలే మచ్చ అది. 1967లో నార్త్‌వే అనే రేడియాలజిస్టు మొదట గుర్తించాడు. చిన్న ఆక్సిజన్ గొట్టంతోనే ఇంటికి వచ్చాం. మొదటి ఏడాది మామూలు జలుబు కూడా మమ్మల్ని మళ్లీ ఆస్పత్రికి పంపింది. బరువు పెరగడం గగనమైంది, ఊపిరి తీయడానికే ఆ ఒంటి శక్తి అంతా పోయేది. ఆక్సిజన్ మానేసిన రోజు కంటే, ఒక జలుబు ఇంట్లోనే తగ్గిపోయిన రోజు మాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వేయించాం. ఎదుగుదలను మాత్రం, పుట్టవలసిన తేదీ నుంచి లెక్కగట్టిన వయసుతో చూడాలి, రెండేళ్ల దాకా. ఇది తెలియక చుట్టాలు "ఇంకా కూర్చోవడం లేదేం" అని అడిగేవారు. కంటి పరీక్షల్లో రెటీనా జబ్బు కొంత కనిపించి, లేజర్ అవసరం లేకుండానే తగ్గింది. కళ్లజోడు వచ్చింది. నడక ఆలస్యమైంది, ఫిజియోథెరపీ చాలాకాలం సాగింది. ఇప్పుడు కథలు బాగా చెబుతుంది, లెక్కల దగ్గర చిరాకు పడుతుంది, పరుగెత్తితే తోటి పిల్లలకంటే ముందే ఆయాసపడుతుంది. మా ఆవిడ ఆ రోజు అడిగిన ప్రశ్నకు జవాబు ఇలా కొంచెం కొంచెంగా వస్తోంది, ఇంకా పూర్తి కాలేదు.

ఈ మధ్య ఊది చూసే ఊపిరితిత్తుల పరీక్ష చేశారు. ఉండవలసినదానికంటే తక్కువ ఉంది, కానీ కిందటిసారి కంటే దిగలేదు. పొగ దరిదాపులకు రాకూడదని, ఈత లాంటివి ఆపవద్దని, ఆయాసం పెరిగితే ఉబ్బసం అనుకుని మామూలు మందులతో సరిపెట్టకుండా చూపించమని చెప్పారు. ఇంకోటి కూడా. పెద్దయ్యాక ఆమెను చూసే డాక్టర్లు నువ్వు ఎన్నో వారంలో పుట్టావని అడగరు. ఆ సంగతి ఆమే చెప్పాలి. అందుకని డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్లు, కంటి రిపోర్టులు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టాం, ఫోన్‌లో కాపీలు ఉంచాం. మొదటి పేజీలో మా ఆవిడ తన చేతిరాతతో రాసింది: 27 వారాలు, వెంటిలేటర్, నైట్రిక్ ఆక్సైడ్, కుడివైపు రెండో దశ రక్తస్రావం, ఇంటి దగ్గర ఆక్సిజన్. మీ బిడ్డ వెంటిలేటర్ మీద ఉండి ఉంటే మీరూ అలాంటి పేజీ ఒకటి రాసిపెట్టండి, డిశ్చార్జ్ అయిన వారంలోనే. తర్వాత తేదీలు, మందుల పేర్లు గుర్తుండవు.